నుమాయిషులో ఒక సాయంకాలము

పంటలు ఇండ్లకు చేరి, చలి ముదిరిన దినములలో సంతలు, తిరునాళ్ళు జరుపుకొనుట లోకమందంతటను గల ఆచారము. ఆ దినములలో పొలముపని తగ్గును. చేతిలో నాలుగు డబ్బు లాడును. ప్రొద్దు త్వరగా గ్రుంకును. అట్టి వేళ దీపముల వెలుగున పదిమంది ఒకచోట చేరి, కావలసినవి కొనుక్కొని, వేడివేడి తినుబండారములు తిని, వింతలు చూచి ఇండ్లకు మరలుట మనుజులకు వేడుక. ఐరోపా ఖండమున, ముఖ్యముగా జర్మనీ దేశమున, క్రిస్మసు పండుగకు ముందు కొన్ని వారములపాటు నగరముల నడిబొడ్డున ఇట్టి అంగళ్ళు వెలయును. డ్రెస్డెన్ నగరములో 1434వ సంవత్సరము నాటికే ఈ సంత జరిగినట్లు వ్రాతలు కలవు. కొయ్యబొమ్మలు, గాజుగోళములు, మైనపువత్తులు, ఎండుద్రాక్షలు చేర్చి కాల్చిన స్టోలెన్ అను తీపిరొట్టె అచ్చట అమ్ముదురు. ఆ రొట్టె విషయమున ఒక విశేషము కలదు. డ్రెస్డెన్ నగరమునందును దాని పరిసరములందును నియమము తప్పక చేసిన దానికే డ్రెస్డెన్ స్టోలెన్ అను పేరు చెల్లును. వేరొకచోట చేసి ఆ పేరుతో అమ్మరాదు. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. ముందు దీనితో పని గలదు.

మన తెలంగాణమున చలికాలపు సంతలలో పేరెన్నిక గన్నది హైదరాబాదు నుమాయిషు. నుమాయిష్ అను ఉర్దూ పదమునకు ప్రదర్శనము అని అర్థము. ఉస్మానియా పట్టభద్రుల సంఘమునకు చెందిన ఆర్థికసమితివారు సంస్థానమున తయారగు వస్తువులను ప్రజలకు చూపదలచి, 1938వ సంవత్సరమున పబ్లిక్ గార్డెన్సులో దీనిని మొదటిసారి ఏర్పాటు చేసిరి. దానికి వారు పెట్టిన పేరు ‘నుమాయిష్ మస్నూవాతే ముల్కి’. అనగా స్వదేశపు తయారీ వస్తువుల ప్రదర్శనము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ప్రారంభించెను. నాడు జరిగినది పది దినములు మాత్రమే. జనుల ఆదరణ పెరుగగా స్థలము చాలక, 1946లో ప్రదర్శనము నాంపల్లిలోని ఇప్పటి మైదానమునకు తరలినది. దేశమున కల్లోలము చెలరేగుటచే 1947, 1948 సంవత్సరములలో జరుగలేదు. 1949లో మరల మొదలైనప్పుడు గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారి దానిని ప్రారంభించిరి. అప్పటి నుండి దానికి అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనము అని పేరు. కాని జనుల నోట నేటికిని అది నుమాయిషే. ఏటేట జనవరి 1వ తేదీన మొదలై ఫిబ్రవరి 15 వరకు సాగుట వాడుక. దీని రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీవారు పెక్కు విద్యాసంస్థలను పోషించుచున్నారు. ఆ మైదానమునందే యున్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అట్టివే. కనుక నుమాయిషులో ఒక చీటీ కొనువాడు తెలిసియో తెలియకయో ఒక బాలిక చదువునకు తోడ్పడుచున్నాడనుట అతిశయోక్తి కాదు.

నుమాయిషునకు ఇరుగుపొరుగు జిల్లాల నుండి జనులు తండోపతండములుగా వత్తురు. వారిలో పోచంపల్లివారును ఉందురు. పోచంపల్లి గ్రామము హైదరాబాదునకు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. అది పూర్వము నల్లగొండ జిల్లాలో చేరియుండెను. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. 1951 ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబాభావే అచ్చటికి వచ్చి, భూమి లేని హరిజనుల కొరకు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు దానమిచ్చిరి. భూదానోద్యమమునకు అదియే నాంది. ఊరికి భూదాన్ పోచంపల్లి అను పేరు దాని వలననే వచ్చినది. ఈ కీర్తికి తోడు మరియొకటి కలదు. అది మగ్గము తెచ్చిన కీర్తి. 2021లో ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా దీనిని ఎన్నుకొనుటకు ఆ నేతపనియే ముఖ్యకారణము.

నేను ఆ ఊరివాడను. మా ఇంట మగ్గము లేదు. కాని చుట్టుప్రక్కల ఇండ్లలోని మగ్గముల చప్పుడు వినుచునే పెరిగితిని. మా ప్రక్కయింటివాడగు నా మిత్రుడు పద్మశాలి కుటుంబమున పుట్టినవాడు. పదియేండ్ల ప్రాయమునుండియే కండెలు చుట్టుచు, చిటికి కట్టుచు పని నేర్చెను. ఇంటర్మీడియటు ముగించి తండ్రితోపాటు మగ్గమున కూర్చుండెను. ఒక జనవరి మాసమున, సంక్రాంతి గడచిన పిమ్మట, మే మిరువురము నుమాయిషు చూడ బయలుదేరితిమి. 

ఆ మాసముననే అతడొక నిర్ణయమునకు రావలసి యుండెను. నగరమందొక గిడ్డంగిలో నెలజీతపు పని యున్నదని బంధువొకడు కబురు పంపియుండెను. తండ్రి నడుగగా, “నీ యిష్టము, బిడ్డా! పొమ్మని నేననను, ఉండుమని అననే అనను” అనెనట. ఈ సంగతి అతడు బస్సులో నాతో చెప్పి, “నెల తిరుగగానే చేతిలో పడు జీతమునకు, పట్టుదారము ధర పెరిగినప్పుడెల్ల కుంటువడు మగ్గమునకు పోలిక యేమి? అయినను మా నాయన ముఖము చూచిన మాట రాకున్నది” అనెను. నేనేమియు బదులు చెప్పలేకపోయితిని.

మాట మార్చుటకై, “ఒక చీరకు ఇంత కాల మేల పట్టును? ఎన్నిమారులు చూచినను నాకు పూర్తిగా బోధపడలేదు” అని యడిగితిని. అతడు నవ్వి, వ్రేళ్ళతో గాలిలో గీతలు గీయుచు ఇట్లు వివరించెను.

“సామాన్యముగా బట్ట నేసిన తరువాత రంగు వేయుదురు, లేదా ఒకే రంగు దారముతో నేయుదురు. మా పని అట్లు కాదు. చీరపై రాబోవు ఏనుగు, చిలుక, పూవు ముందుగా దారము మీదనే నిలువవలెను. మొదట పట్టుదారమును ఉడికించి దాని జిగురు తీయవలెను. పిమ్మట ఆసు పోయవలెను. ఒక ప్రక్క ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారముగా పెక్కు మేకులు గల చట్రముపై దారమును అటు నుండి ఇటు, ఇటు నుండి అటు త్రిప్పుటయే ఆసు. అది విసనకర్ర విచ్చినట్లుండును. గీతల కాగితముపై గీచిన నమూనాను బట్టి ఆ దారములపై గుర్తులు పెట్టి, రంగు అంటరాని చోటులందెల్ల రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టుదుము. అదియే చిటికి కట్టుట. అటుపై రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని ముడులు విప్పి, వేరుచోట్ల కట్టి, మరొక రంగులో ముంచుదుము. ఎన్ని రంగులుండునో అన్నిమారులు కట్టుట, ముంచుట, విప్పుట తప్పవు. చిట్టచివర ఆ దారమును కండెలకు చుట్టి, నాడెలో నుంచి, గుంటమగ్గముపై పడుగులో పేకగా నేయుదుము. ఒక్క పోగు తన చోటు తప్పెనా, చిలుక ముక్కు వంకర పోవును. కనుక ప్రతి పోగును చూచి సరిదిద్దుకొనుచు నేయవలెను.”

“ఆసు పోయుటలో మీ అమ్మకు భుజము నొప్పి వచ్చినదని ఆనాడంటివి గదా!” అని నేను గుర్తుచేసితిని.

“మా అమ్మకే కాదు, ఊరిలో ఆసుపోయు ప్రతి తల్లికిని ఆ నొప్పి తెలియును. ఒక చీరకు చేయి దాదాపు తొమ్మిదివేల పర్యాయములు అటునిటు పోవలెను. నాలుగైదు గంటల పని. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశమును ఎరుగుదువు గదా? ఆరవ తరగతితో బడి మానిన ఆయన, తన తల్లి లక్ష్మి పడు బాధ చూడలేక, ఏండ్ల తరబడి ప్రయత్నించి, 1999లో ఆసు పోయు యంత్రమును తయారు చేసెను. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమనెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. ఆ యంత్రము మా ఇంటికి వచ్చిన దినమున మా అమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టెను.”

ఇట్లు మాటాడుకొనుచుండగనే బస్సు ఎల్.బి.నగర్ చేరెను. అచ్చట మెట్రో రైలెక్కి గాంధీభవన్ స్టేషనులో దిగునప్పటికి ప్రొద్దు గ్రుంకుచుండెను. దూరమునుండియే దీపతోరణములు కాంతులీనుచుండెను. ప్రవేశపు చీటీలు కొని లోన అడుగిడితిమి.

లోపలి వైభవమును చెప్ప నలవి గాదు. మైదానమంతయు వీథులు వీథులుగా అంగళ్ళు. ఒకచోట కాశ్మీరు వర్తకులు శాలువలు పరచి, అరచేతిలో కుంకుమపువ్వు డబ్బా నుంచుకొని జనులను పిలుచుచుండిరి. వారి ప్రక్కనే బాదము, పిస్తా, అంజూరములు రాసులు పోసి యుండెను. ఒకచోట లక్నో చికను కుట్టుపని దుస్తులు, మరొకచోట ఖుర్జా పింగాణి పాత్రలు, వేరొకచోట సహారన్‌పురపు చెక్కడపు కొయ్యసామాను. మన నిర్మల్ బొమ్మలు, కరీంనగరపు వెండి తీగపని, బీదరు పాత్రలును కన్నుల పండువుగా నుండెను. పిల్లలు చిన్న రైలెక్కి చేతులూపుచు పోవుచుండిరి. రంగులరాట్నము పైకి లేచినప్పుడెల్ల కేకలు మిన్నుముట్టుచుండెను. మిరపకాయ బజ్జీల వాసన, కాగిన పాల వాసన, అత్తరు వాసన, త్రొక్కిడిలో లేచిన ధూళి కలసి నుమాయిషు వాసనగా మారియుండెను. అది ఎరిగినవారు కన్నులు మూసికొనియు ఆ చోటును గుర్తింపగలరు.

దుకాణముల వరుసలలో అక్కడక్కడ నీటి గొట్టములు, ఇసుక బకెట్లు కనబడెను. 2019 జనవరి 30వ తేదీ రాత్రి అచ్చట ఘోరమైన అగ్నిప్రమాదము జరిగి పెక్కు అంగళ్ళు బూడిదయ్యెను. దూరదేశములనుండి సరకు తెచ్చిన చిన్న వర్తకులు ఒక్క రాత్రిలో సర్వమును పోగొట్టుకొనిరి. వేడుక జరుగుచోట ఏమరుపాటు కూడదని ఆ బకెట్లు మాకు చెప్పుచున్నట్లుండెను.

బజ్జీలు తిని, చాయ త్రాగి, వస్త్రముల వీథికి మరలితిమి. అచ్చట ఒక అంగడి ముందు జనులు క్రిక్కిరిసి యుండిరి. ‘పోచంపల్లి చీరలు – ఆరువందలు మాత్రమే’ అని పెద్ద అక్షరములతో పలక వ్రేలాడుచుండెను. నా మిత్రుడు నిలిచిపోయెను. ముందునకు జరిగి ఒక చీర కొంగు చేతబట్టి, ముందు ఒక వైపు, పిమ్మట త్రిప్పి మరొక వైపు చూచెను. అతని ముఖము చిన్నబోయెను.

“ఏమి?” అని మెల్లగా అడిగితిని.

“ఇది మా నాయన గీచిన నమూనా” అనెను. “మూడేండ్ల క్రిందట దీనికై ఆయన రెండు నెలలు కూర్చుండెను. ఎవరో చీరను చూచి బొమ్మ దింపుకొని యంత్రముపై అచ్చు కొట్టించినారు.”

అంగడివాడు అతని వైపు చూచి, “ఏమి తమ్ముడూ, కొందువా? రెండు తీసికొన్న వేయికే యిత్తును” అనెను.

నా మిత్రుడు గొంతు పెంచలేదు. “అన్నా, ఇవి ఎక్కడ తయారైనవి?” అని అడిగెను.

“వేరే ఊరినుండి వచ్చినవి. మీలలో అచ్చు కొట్టినవి.”

“మరి పలకపై పోచంపల్లి అని యేల వ్రాసితివి?”

“ఆ పేరు లేనిదే కొనువా రెవరు?” అని అంగడివాడు నవ్వెను. తాను చెప్పినది తప్పని వానికి తోచినట్లే లేదు. పేరు గాలిలో నున్నది, ఎవరైన పట్టుకొనవచ్చును అన్నట్లుండెను వాని ధోరణి.

మా ప్రక్కన ఒక తల్లి, ఆమె వెంట పెండ్లీడు కూతురును నిలిచియుండిరి. వారీ మాటలు వినిరి. ఆమె చేతిలోని చీరను చూపి, “నాయనా, ఇది నిజమైన పోచంపల్లి కాదా?” అని అడిగెను.

“కాదమ్మా! మీరే చూడుడు” అని నా మిత్రుడు చీర కొంగును దీపమునకు ఎదురుగా పట్టెను. “ఒక వైపు రంగు ముదురుగా నున్నది, వెనుక వైపు వెలవెలబోయినది. మా చీరకు ముందు వెనుక అను భేదముండదు, ఏలయన రంగు దారము లోపలికి ఇంకియుండును. పూవు అంచు చూడుడు, కత్తితో కోసినట్లున్నది. మా పూవు అంచు నీటిలో తడిసినట్లు కొంచెము చెదరియుండును. అది లోపము కాదు, గుర్తు. ఇంకను అనుమానమైన చివరనుండి ఒక పోగు లాగి చూడవలెను. నిజమైన దానిలో ఒకే పోగుపై ఎరుపు, తెలుపు, నలుపు చుట్టును నిండి వరుసగా కనబడును. అచ్చు చీరలో రంగు పోగునకు ఒక ప్రక్కనే అంటియుండును.”

ఆమె కొంగు చివరనుండి ఒక పోగు లాగి చూచెను. అతడు చెప్పినట్లే యుండెను. ఆమె కొంతసేపు ఊరకుండి, “నాయనా, నీవు చెప్పినది నిజమే. కాని నిజమైన చీర వేలు పలుకును. మా తాహతునకు ఇదే గొప్ప” అనెను.

ఆ మాటలో దొంగతనము లేదు, లేమి మాత్రమే యున్నది. నా మిత్రుడు ఏమనునో యని నేను ఆలోచించుచుంటిని. అతడు చీరను మడిచి ఆమె చేతికి ఇచ్చుచు, “కొనుడమ్మా, తప్పు లేదు. పిల్లకు రంగు బాగుగా నప్పును. కాని ఎవరైన అడిగినప్పుడు ఇది అచ్చుచీర అని చెప్పుడు. ఆ పేరొక్కటి మాకు విడువుడు” అనెను.

ఆమె తల యూపెను. కూతురు మాత్రము అతని వైపు తేరిపార చూచి, “అన్నా, నిజమైనవి ఎక్కడ నున్నవి? కొనలేకున్నను చూచెదను” అనెను. “రండి, మేమును అచ్చటికే పోవుచున్నాము” అని మేము వారితో కలసి చేనేత అంగళ్ళ వరుసకు నడచితిమి.

ఆ వరుసలో సందడి తక్కువ, దీపములును తక్కువ. ఒక అంగడిలో వృద్ధుడైన నేతగాడొకడు కూర్చుండి యుండెను. పోచంపల్లి పట్టుచీరలు, గద్వాల చీరలు, నారాయణపేట చీరలు వరుసగా పేర్చి యుండెను. మా వెంట వచ్చిన బాలిక ఒక ఎర్రని చీరను తాకి చూచి, వెనుకకు త్రిప్పి, “అమ్మా, నిజమే! రెండు వైపులును ఒకటే!” అని సంతోషముతో కేక వేసెను. నా మిత్రుని ముఖమున నవ్వు తొంగిచూచెను. ఆ చీర అంచున వరుసగా సన్నని రంధ్రములుండెను. నేసినంత మేర బట్ట ముడుచుకొనకుండ మగ్గముపై అడ్డముగా బిగించు కర్ర చివరి సూదుల గుర్తులవి. అవి చేతినేతకు సాక్షులు.

వృద్ధుడు లోపలి పెట్టెనుండి ఒక చదరపు బట్ట తీసి చూపెను. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల చౌకములతో నది మెరయుచుండెను. “ఇది తేలియా రుమాలు. మా పుట్టపాకలో నేసినది. దారమును నూనెతోను ఆముదపు కాయల బూడిదనీటితోను అనేక దినములు నానబెట్టుదుము. అందుచే దీనికి నూనె వాసన యుండును. పడుగునకును పేకకును రెంటికిని చిటికి కట్టుదుము. పూర్వము ఇట్టి రుమాళ్ళు చీరాల నుండి అరబ్బు దేశములకు ఓడలలో పోయెడివి. ఎండలో తలకు చుట్టుకొన్న చల్లగా నుండునని వారు కోరి కొనెడివారు” అని చెప్పెను. ఈ రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినదనియు, పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన 2011లోను, గజం అంజయ్య 2013లోను పద్మశ్రీ పొందిరనియు ఆయన గర్వముతో తెలిపెను.

“భౌగోళిక గుర్తింపనగా నేమి?” అని ఆ బాలిక అడిగెను.

వృద్ధుడు, “బిడ్డా, ఊరి పేరు ఊరివారిదే అని చెప్పు చట్టమది. 1999లో పార్లమెంటు చేసినది. పోచంపల్లి ఇక్కతునకు 2004–05లో ఆ గుర్తింపు వచ్చినది. ఆ పేరుతో వేరొకచోట చేసిన దానిని అమ్ముట నేరము. 1985లో చేసిన మరొక చట్టము కొన్ని రకముల వస్త్రములను చేతిమగ్గమునకే ప్రత్యేకించినది. 2006 నుండి చేనేత గుర్తు కూడ వచ్చినది. అది చూచి కొన్నవారు మోసపోరు. చట్టము లున్నవి. కాని ప్రతి అంగడి ముందు పోలీసు నిలువడు గదా! కొనువాని కన్నే మాకు కావలి” అనెను.

కొనువాని కన్నే కావలి! ఎంత లోతైన మాట! డ్రెస్డెన్ రొట్టె పేరును కాపాడునది చట్టమొక్కటియే కాదు. ఆ రొట్టె రుచి ఎరిగిన జనులు కూడ. మన వస్త్రములకును అట్టి జనులు కావలెను.

నా మిత్రుడు ఆ వృద్ధుని, “తాతా, మీ పిల్లలు ఈ పనిలో నున్నారా?” అని అడిగెను. ఆయన క్షణకాలము మౌనము వహించి, “ఒకడున్నాడు, ఒకడు పోయినాడు. పోయినవానిని తప్పుపట్టను. ఉన్నవానికి నేను ఒక్కటే చెప్పితిని: నేయుట మాత్రమే నేర్చిన చాలదు, నీ సరకును నీవే అమ్ముట కూడ నేర్చుకొనుము అని. మా కాలమున మేమది నేర్వలేదు. నడుమనున్నవారు నేర్చిరి” అనెను.

రాత్రి తొమ్మిది దాటెను. తల్లియు కూతురును సెలవు తీసికొనిరి. మేము చలిలో స్టేషనువైపు నడచితిమి. చాల దూరము నా మిత్రుడు మాటాడలేదు. రైలులో కూర్చున్న పిమ్మట, “మగ్గముపై నున్న పడుగులో ఇంకను నాలుగు చీరలున్నవి. వానిని ముగింపక ఎక్కడికిని పోను. అంతలో ఆ తాత చెప్పినది ఆలోచించెదను. మా ఊరిలో నావంటివారు ఇంకను నలుగురున్నారు. వచ్చే యేడు మేమే ఒక అంగడి తీసికొని, అందొక చిన్న ఆసు నుంచి, చిటికి కట్టి చూపిన, ఆ పిల్లవలె చూచువారు ఎందరో వత్తురు” అనెను. మరల కొంత తడవు ఊరకుండి, “అప్పటికిని బ్రతుకు గడవకున్న గిడ్డంగి ఉండనే యున్నది” అని నవ్వెను. ఆ నవ్వులో సంశయము లేకపోలేదు. కాని ఉదయమున నున్న నిరాశ మాత్రము లేదు.

1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా నగరమున స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడెను. దాని స్మారకముగా 2015 నుండి ప్రతి సంవత్సరము ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుకొనుచున్నాము. నుమాయిషు పుట్టుకకును స్వదేశపు వస్తువులపై గల అభిమానమే కారణము. అయినను అభిమానమొక్కటే చేనేతను నిలుపజాలదు. వస్తువును గుర్తింపగల తెలివి కావలెను. శ్రమకు తగిన వెల యిచ్చు న్యాయబుద్ధి కావలెను. వెల యియ్యలేనివారును అబద్ధపు పేరును ఆదరింపని నిజాయితీ కావలెను. అందరును పట్టుచీర కొనలేరు. కాని బట్టను త్రిప్పి వెనుకవైపు చూచుటకు పైకమక్కరలేదు. అంగళ్ళకు పోవు ప్రతి బాలుడును, బాలికయు ఆ యలవాటు చేసికొన్నచో, దీపములు తక్కువగా నున్న ఆ వరుసలో కూర్చున్న వృద్ధులకు అదియే గొప్ప ధైర్యము.

ప్రశ్నలు

1. నుమాయిషు ఎప్పుడు, ఎవరిచే, ఏ యుద్దేశముతో ప్రారంభింపబడెను?
2. ఆసు పోయుట, చిటికి కట్టుట అనగా నేమి? మీ సొంతమాటలలో వివరింపుము.
3. నిజమైన పోచంపల్లి చీరను అచ్చుచీరనుండి ఎట్లు గుర్తింపవచ్చును?
4. “ఆ పేరొక్కటి మాకు విడువుడు” – ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరి? ఇందలి భావమేమి?
5. “కొనువాని కన్నే మాకు కావలి” అను మాటను సమర్థించుచు పది వాక్యములు వ్రాయుము.
6. మీ ఊరిలోగాని, దగ్గరి పట్టణములోగాని చేతిపనితో బ్రతుకువారి నొకరిని కలిసికొని, వారి పనిని గూర్చి ఒక వ్యాసము వ్రాయుము.